పాయింటమ్మ బ్రష్షూ, పొట్టి చిప్పలూ

ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా కనపడదు. ఆలిచిప్పల పరిశోధన కేంద్రంలో గేటు కాపలాదారు నుంచి పెద్దాఫీసరు దాకా అందరికీ ఆమె పాయింటమ్మే. చిప్పను పొడవు కొలిచే స్టీలు కాలిపర్ దవడల మధ్య పెట్టి, కళ్ళు చిట్లించి, "యాభై రెండు పాయింట్ నాలుగు" అని పైకి చదివి, పుస్తకంలో రాసుకోవడం ఆమె ఉద్యోగం. పంతొమ్మిదేళ్ళుగా అదే పని. ఆ పాయింటు నోటికి అతుక్కుని ఇంటికీ వచ్చేసింది. బస్టాపు ఎంత దూరమని దారిన పోయేవాళ్ళు అడిగితే "జీరో పాయింట్ ఏడు కిలోమీటర్లు" అని చెప్పి పంపిస్తుంది. అడిగినవాళ్ళు ఒకసారి ఆమె మొహం చూసి, మారు మాట్లాడకుండా నడక మొదలుపెడతారు.

కేంద్రం ఉప్పునీటి పాయ ఒడ్డున ఉంది. పొడవాటి రేకుల షెడ్డు, అందులో సిమెంటు తొట్లు, పక్కన ట్యూబులైట్లు వెలిగే గదిలో వరుసగా గాజు సీసాలు. సీసాల్లో పచ్చగానూ గోధుమ రంగులోనూ పెరిగేది చిప్పల పిల్లలకు మేత. ఆ పిల్లలు కంటికి ఆనవు. నీళ్ళలో పొడి చల్లినట్టు రెండు మూడు వారాలు ఈదుతూ తిరిగి, గట్టి చోటు దొరగ్గానే ఒక చిప్పను దానికి అతికించేసుకుంటాయి. ఇక బతుకంతా అక్కడే. కేంద్రంలో వాటికి ఇసుకంత చిప్ప నూక వేస్తారు. నూకకొకటి అతుక్కుంటుంది కాబట్టి దేనికది విడిగా పెరుగుతుంది. చూడవచ్చిన విద్యార్థులకు పాయింటమ్మ ఇదంతా వివరించి, "మా ఆయనా ఇంతే. పెళ్ళికి ముందు ఊరంతా తిరిగాడు. ఇప్పుడు కుర్చీకి అతుక్కుపోయాడు" అని ముగిస్తుంది. కొందరు విద్యార్థులు దాన్ని కూడా నోట్సులో రాసుకుంటారు.

చిప్పల్లో చాలా వరకు మొదట మగవిగా ఉండి, తర్వాత ఆడవిగా మారతాయన్న సంగతి ఆమె ఒకరోజు ఇంట్లో చెప్పింది. అత్తగారు వింటున్న రేడియో ఆపేసి మరీ విన్నది.

"మళ్ళీ మగ అవుతాయా?"

"కొన్ని అవుతాయి అత్తయ్యా."

"వాటికి బుద్ధి లేదు" అని తేల్చి ఆవిడ రేడియో పెట్టుకుంది.

పాయింటమ్మ కేంద్రంలో చేరింది కాలిపర్ పట్టుకోవడానికి కాదు, సీసాలు కడగడానికి. చేరిన మూడో నెలలో ఒక తొట్టిలో పిల్లలన్నీ ఒక్క పూటలో చచ్చిపోయాయి. సీసా అడుగున సబ్బు మిగిలిందేమోనని అప్పటి ఆఫీసరు అన్నాడు. అది ఆమె కడిగిన సీసానో కాదో ఎవరూ తేల్చలేదు. ఆమె మాత్రం తనదేనని తేల్చుకుంది. ఆ రోజు నుంచి సీసాను కడిగి, వెలుతురుకు పట్టి చూసి, మళ్ళీ కడగడం మొదలుపెట్టింది. ఆ పట్టుదల చూసిన ఆఫీసరే ఒకరోజు చిప్పలు కొలిచి చూడమన్నాడు. చెయ్యి వణకలేదు, అంకె తడబడలేదు. రిటైరయ్యేనాడు తన కాలిపర్‌ను నీలం మఖమలు పెట్టెతో సహా ఆమె చేతిలో పెట్టాడు. అప్పటినుంచి ఆ పెట్టెను ఇంకొకరు తెరిచింది లేదు. సీసాలు కడిగే పని పోయింది గానీ కడిగే బుద్ధి పోలేదు. ఇంట్లో గిన్నెలు, గుమ్మాలు, కిటికీ ఊచలు, ఆఖరికి మొగుడి కళ్ళజోడు, అన్నీ ఆమె చేతిలో పడి నిగనిగలాడవలసిందే.

పోయిన ఏడాది కేంద్రం పాయలో మూడు చోట్ల మూడు తెప్పలు కట్టింది. ఒకే రోజు పుట్టిన చిప్పల్ని తెప్పకు రెండు వందల చొప్పున ట్రేల్లో పెట్టి నీళ్ళలోకి వేలాడదీశారు. ఒక్కో చిప్పకూ నెంబరు బిళ్ళ అతికించారు. ఏ చోట బాగా పెరుగుతాయో తెలుసుకుని, చిప్పల పెంపకం మొదలుపెట్టాలనుకునేవాళ్ళకు చెప్పాలి. అంతే పరీక్ష. మూడు తెప్పల మీదా నెలకోసారి కొలిచేది పాయింటమ్మే. శుభ్రం చేసే పని మాత్రం పంచుకున్నారు. మొదటి రెండు తెప్పలు దూరం కాబట్టి కేంద్రం పడవ నడిపే పడవాయనవి. ఆయన ట్రేను నీళ్ళలో రెండుసార్లు జాడించి వదిలేస్తాడు. షెడ్డు ముందరి చెక్కల వేదికకు ఆనుకుని ఉన్న మూడో తెప్ప పాయింటమ్మది. ఆమె వారానికోసారి ట్రే బయటికి తీసి, ప్రతి చిప్పనూ కొళాయి కింద గట్టి బ్రష్షుతో ముందూ వెనకా, అంచూ మూలా తోముతుంది. పాచి పోవాలి, బురద పోవాలి, దొంగతనంగా వచ్చి అతుక్కున్న చిన్న గుల్లలు పోవాలి.

"అక్కా, అవి పెళ్ళిచూపులకు వెళ్ళట్లేదు" అనేవాడు పడవాయన.

"నీ తెప్ప మీదవి వెళ్ళినా ఎవరూ చేసుకోరులే" అనేది పాయింటమ్మ.

చిక్కంతా కొత్త ఆఫీసరు మేడమ్ వచ్చాక మొదలైంది. చిన్న వయసు, పెద్ద చదువు. పాయింటమ్మ అన్నది ఆమె అసలు పేరే అనుకుని, దానికి "గారు" కూడా తగిలించి పిలిచే మర్యాద. వచ్చిన వారానికే ఏడాది అంకెలన్నీ కంప్యూటర్లో గీతలుగా గీసి చూసుకుంది. రెండు గీతలు ఏటవాలుగా పైకి పోయాయి. మూడోది నడుం పట్టేసినట్టు వంగింది. మర్నాడు పాయింటమ్మను గదికి పిలిచింది.

"పాయింటమ్మ గారూ, మూడో తెప్ప చిప్పలు మిగతావాటికన్నా ఆరు మిల్లీమీటర్లు పొట్టి. అది సరే. ఈ నలభై ఏడో నెంబరు చూడండి. పోయిన నెల యాభై రెండు పాయింట్ నాలుగు. ఈ నెల యాభై ఒకటి పాయింట్ ఎనిమిది. పెరగలేదంటే నమ్ముతాను. చిప్ప తరిగిపోతుందా?"

"పోదు మేడమ్."

"మరి?"

"నేను చూసింది రాశాను మేడమ్."

మేడమ్ ఆమె ముక్కు మీది కళ్ళజోడు వంక చూసింది. "ఇది ఎప్పుడు పెట్టుకున్నారు?"

"పోయిన ఏడాది."

"తెప్పలు కట్టిందీ పోయిన ఏడాదేగా" అంది మేడమ్, మెల్లగా.

ఆ తర్వాత సంగతి కూడా మెల్లగానే చెప్పింది. ఫోటో తీస్తే చిప్ప పొడవును తనే కొలిచే కెమెరా స్టాండు ఒకటి పెట్టెలో సిద్ధంగా ఉంది. సోమవారం ఒక పరీక్ష పెడతారు. పాయింటమ్మ చెయ్యి సరిగా ఉంటే సరి, లేదంటే కొలిచే పని కెమెరాకు ఇచ్చి ఆమెను ఫైళ్ళ గదికి పంపుతారు. జీతంలో తేడా ఉండదు. ఫైళ్ళ గదికి కిటికీ ఉండదు. అక్కడ ఇదివరకు పనిచేసినాయన రిటైరయ్యాడో, లోపలే ఉండిపోయాడో కేంద్రంలో ఎవరికీ సరిగా గుర్తులేదు.

ఆ సాయంత్రం ఇంట్లో గిన్నెలు మామూలుకన్నా గట్టిగా మోగాయి.

"ఏమైందట?" అని అత్తగారు కొడుకును అడిగింది.

బోర్డులు రాసే పెయింటరు ఆయన. కుర్చీలోంచి కదలకుండానే చెవి ఒగ్గి విన్నాడు. "ఆఫీసులో ఎవరో ఏదో అన్నారమ్మా. ఆ మూకుడు పని అయిపోయింది చూడు" అన్నాడు.

సోమవారం మేడమ్ ఇరవై చిప్పల నెంబరు బిళ్ళల మీద నల్ల టేపు అతికించింది. పాయింటమ్మ కొలవాలి, పడవాయన రాయాలి. ఒక విడత అయ్యాక కలిపేసి మళ్ళీ, ఆ తర్వాత ఇంకోసారి. మూడు విడతలూ పాయింటమ్మ గొంతు ఒకే తీరున పలికింది. మేడమ్ కూడా ఒక విడత కొలిచింది. తర్వాత టేపులు పీకి అంకెలు పక్కపక్కన పెట్టారు. పాయింటమ్మ మూడు కొలతల మధ్య ఎక్కడా పాయింట్ రెండు దాటి తేడా లేదు. మేడమ్ కొలతలకూ వాటికీ మాత్రం ఒక్కోచోట పాయింట్ తొమ్మిది దాకా వచ్చింది.

"ఫైళ్ళ గదికి ఎవర్ని పంపిద్దాం మేడమ్?" అన్నాడు పడవాయన, వినయంగా.

మేడమ్ నవ్వేసింది. మనిషి మంచిదే. పాయింటమ్మకు సారీ చెప్పింది, కెమెరా పెట్టెను అటక ఎక్కించమంది. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. "చెయ్యి సరైనదే అయితే చోటే మంచిది కాదన్నమాట. మూడో తెప్ప దగ్గర నీళ్ళలో ఏదో లోపముంది. అక్కడ పెంపకం పనికిరాదని రిపోర్టులో రాసేస్తాను" అంది.

పడవాయన మొహంలో నవ్వు అక్కడే ఆగిపోయింది. మూడో తెప్ప పక్కన తన సొంత తెప్ప కట్టుకోవడానికి ఆయన అర్జీ పెట్టుకుని ఆరు నెలలైంది. వెదుళ్ళు కోయించి ఇంటి వెనక ఆరబెట్టాడు. పెళ్ళాం చేత తాళ్ళు పేనించాడు.

"గెలిచావక్కా" అన్నాడు పాయింటమ్మతో. ఆ మాటలో సంతోషం ఎంతుందో కాలిపర్‌తో కొలిచినా దొరకదు.

ఆమె ఇంటికి వచ్చేసరికి మొగుడు గుమ్మం ముందు ముక్కాలిపీట వేసుకుని, ఇంటి నెంబరుకు రంగు దిద్దుతున్నాడు. ఏటా ఒకసారి ఆయన తనంతట తాను కుర్చీ వదిలేది ఈ పనికే. పచ్చ నేల మీద తెల్ల అంకెలు, చుట్టూ సన్నని ఎర్ర గీత. చుట్టుపక్కల అంత అందమైన నెంబరు లేదు. అంత తొందరగా వెలిసిపోయే నెంబరూ లేదు.

"ఇంకెన్నిసార్లు రాయాలే ఇది? బజార్లో నేను రాసిన బోర్డులు పదేళ్ళు ఎండకూ వానకూ నిలిచాయి. మనింటి మీదది ఏడాదికే మాయం."

"దుమ్ము పడుతుందండీ. తుడవొద్దా?"

"తుడువు. తోమకు. నువ్వు తోమినప్పుడు బకెట్లోకి ఒకసారి చూడు. ఊడొచ్చేది దుమ్మా, నా రంగా?"

అత్తగారు లోపల్నుంచి, "నా మోకాలి మచ్చ కూడా అలాగే పోయింది" అంది.

పాయింటమ్మ మామూలుగా అయితే ఇద్దరికీ కలిపి ఒకే జవాబు చెప్పేది. ఆ రోజు మాత్రం గుమ్మంలోనే నిలబడి మొగుడి బ్రష్షు కొసనున్న తెల్ల రంగు వైపు చూస్తూ ఉండిపోయింది. "కాఫీ పెట్టనా?" అని ఆయనే అడగాల్సి వచ్చింది. ఆ ఇంట్లో అది వార్తే.

మర్నాడు పొద్దున్నే, ఇంకా ఎవరూ రాకముందు, ఆమె చెక్కల వేదిక మీద కొళాయి కింద గొంతుక్కూర్చుంది. కాలువలోకి చెత్త పోకుండా అడ్డంగా పెట్టిన జల్లెడను ఊడదీసింది. ప్రతి వారం దాన్ని దులిపి పారేసేది ఆమే, దులిపే ముందు ఎన్నడూ చూసింది లేదు. ఇప్పుడు ఆ చెత్తను తెల్ల పళ్ళెంలో పోసి, నీళ్ళతో కడిగి, వేలితో విడదీసింది. పాచి ఉంది, బురద ఉంది, గుల్ల ముక్కలున్నాయి. వాటి మధ్య పల్చటి రేకులున్నాయి. గోటికన్నా పల్చన, కొన్ని తెల్లగా, కొన్ని ఊదా చారలతో. చిప్ప పెరిగేటప్పుడు ముందు అంచున వేసుకునే కొత్త పొర అది. గట్టిపడకముందు గట్టిగా తాకితే విరిగిపోతుంది. ఈ సంగతి ఆమెకు తెలియక కాదు, విద్యార్థులకు చెప్పేది కూడా. తన చేతిలోది తాకడం కిందికి వస్తుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

నలభై ఏడో నెంబరు ఎందుకు తరిగిందో తెలిసిపోయింది. నెలంతా అది పొర వేస్తోంది, వారం వారం ఈమె విరగ్గొడుతోంది.

జల్లెడను మళ్ళీ బిగించి, రేకుల్ని దులిపేస్తే అయిపోతుంది. చెయ్యి సరైనదని మేడమే ఒప్పుకుంది. నెపం నీళ్ళ మీదికి పోయింది, నీళ్ళు వచ్చి సాక్ష్యం చెప్పవు. చెబితే మాత్రం ఏడాది పరీక్ష పాడుచేసిన మనిషి తనే అవుతుంది. నీలం పెట్టె పోతుంది, కెమెరా అటక దిగుతుంది, కిటికీ లేని గది ఎదురు చూస్తుంది. అవతలి ఒడ్డున పడవాయన పడవలోంచి నీళ్ళు తోడుతున్నాడు. రోజూ ఇటు చూసి ఏదో ఒకటి అరిచేవాడు, ఆ రోజు అరవలేదు.

పది గంటలకు ఆమె ఒక కాగితం కవరు, నీలం మఖమలు పెట్టె పట్టుకుని మేడమ్ గదిలోకి వెళ్ళి రెండూ బల్ల మీద పెట్టింది.

"ఏంటండీ ఇవి?"

"మూడో తెప్ప చిప్పల్లో తగ్గిన పొడవు మేడమ్. కవర్లో ఉంది. పెట్టె మీరే తీసుకోండి."

మేడమ్ కవరు వంచి రేకుల్ని బల్ల మీద పోసింది. ఒకదాన్ని వేళ్ళ మధ్య పట్టుకుంటే పుటుక్కున విరిగింది. అర్థం కావడానికి అర నిమిషం పట్టింది, కోపం రావడానికి అంత కూడా పట్టలేదు.

"వారం వారం బ్రష్షుతో తోమారా? రెండు వందలూ? ఎవర్ని అడిగి తోమారు?"

"మురికి తోమడానికి ఎవర్ని అడగాలి మేడమ్?"

మేడమ్ పరీక్ష పద్ధతి రాసి ఉన్న ఫైలు తెరిచింది. నీళ్ళ లోతు ఉంది, ట్రే కన్నాల కొలత ఉంది, తాడు మందం కూడా ఉంది. శుభ్రం గురించి ఒకే మాట ఉంది: 'చిప్పలను శుభ్రం చేయవలెను.' ఆ మాటకు పడవాయన ఇంట్లో ఒక అర్థం, పాయింటమ్మ ఇంట్లో ఒక అర్థం. రాసిన పెద్దమనిషికి ఏ అర్థమూ ఉన్నట్టు లేదు. మేడమ్ ఫైలు మూసి, కిటికీలోంచి తెప్ప వైపు చూసింది. తర్వాత లేచింది.

"కత్తి తీసుకురండి. తెప్పకు పది చొప్పున తెరుద్దాం."

చిప్పలు తెరవడంలోనూ పాయింటమ్మదే పైచెయ్యి. పొట్టి కత్తి మొన కీలులో గుచ్చి, మణికట్టు ఒక్కసారి తిప్పితే పై చిప్ప లేచి వస్తుంది. మొదటి తెప్ప చిప్పలు పొడుగ్గా, పళ్ళెంలా లోతు లేకుండా ఉన్నాయి. మూడో తెప్పవి పొట్టిగా, గిన్నెలా గుంటగా ఉన్నాయి. మేడమ్ కండ తీసి, నీళ్ళు ఒత్తి, తక్కెడలో పెట్టింది. అంకె చూసింది. రెండోది పెట్టింది. ముప్పై చిప్పలూ అయ్యాక సగటులు కట్టి, కాగితం ముందుకు జరిపింది.

"చదవండి" అంది పాయింటమ్మతో.

"మొదటి తెప్ప సగటు నాలుగు పాయింట్ మూడు గ్రాములు. రెండోది నాలుగు పాయింట్ రెండు. మూడోది..." పాయింటమ్మ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. "ఐదు పాయింట్ ఒకటి."

అంచు విరిగినప్పుడల్లా చిప్ప పొడుగు మానుకుని లోతుకు పెరుగుతుందనీ, తినేవాళ్ళకు కావలసింది ఆ లోతేననీ మేడమ్ చెప్పింది. చాలా దేశాల్లో పెంపకందార్లు చిప్పల్ని పీపాల్లో వేసి కావాలనే దొర్లిస్తారట. "వాళ్ళు మిషన్లు పెట్టి చేసేది మీరు బ్రష్షుతో చేశారు."

"అయితే ఇది ముందే తెలిసిన సంగతేనా?" అంది పాయింటమ్మ. ఇంతసేపూ తప్పు చేశానని కుంగిన మనిషి, కొత్తగా ఏమీ కనిపెట్టలేదని తెలిసి ఇప్పుడు మరింత నొచ్చుకుంది.

"మన పాయలో తెలియదుగా" అని మేడమ్ సర్దిచెప్పింది.

నీళ్ళ మీది నింద కొట్టివేశారు. పడవాయన అర్జీ కదిలింది. ఆ సాయంత్రమే ఆయన పడవలో నిలబడి, "అక్కా, మా తెప్ప మీద కూడా కాస్త చెయ్యి వెయ్యాలి నువ్వు!" అని పాయ మొత్తం వినపడేలా అరిచాడు.

మేడమ్ నీలం పెట్టెను పాయింటమ్మ వైపు జరిపింది. "ఇది మీ దగ్గరే ఉంటుంది. చూసింది దాచకుండా చెప్పేవాళ్ళు కెమెరా కన్నా అరుదు. కానీ ఆ బ్రష్షు నాకు ఇచ్చేయండి."

అసలు శిక్ష అప్పుడు తెలిసింది. మూడో తెప్ప మీది చిప్పల్ని రెండు భాగాలు చేశారు. ఒక భాగాన్ని నెలకోసారి, చిప్పకు సరిగ్గా పది విసుర్లు తోమాలి. రెండో భాగాన్ని కొలవడానికి తప్ప ఆరు నెలలు ముట్టుకోకూడదు. నీళ్ళలో జాడించనూ కూడదు. బ్రష్షు మేడమ్ సొరుగులో తాళం కింద ఉంటుంది. తోమే రోజున సంతకం పెట్టి తీసుకుని, సాయంత్రం సంతకం పెట్టి అప్పగించాలి.

మొదటి నెల పాయింటమ్మ ఓర్చుకుంది. రెండో నెల ముట్టుకోని చిప్పల మీద పాచి గడ్డంలా వేలాడింది. మూడో నెలకు బిళ్ళల మీద నెంబర్లు కనపడక వాటిని మాత్రం వేలితో తుడవడానికి అనుమతి అడిగింది. ఇచ్చారు. అదే వేలితో పక్కన కూడా కాస్త తుడవొచ్చా అని అడిగింది. ఇవ్వలేదు. ఇక్కడ ఆగిన చెయ్యి ఇంట్లో రెట్టింపుగా ఆడింది. మొగుడు ఇంటి నెంబరును ఈసారి ఇనుప రేకు మీద చెక్కించుకొచ్చి మేకులతో కొట్టాడు. అత్తగారు మోకాళ్ళు కప్పుకుని కూర్చోవడం మొదలుపెట్టింది.

నాలుగో నెల కొలతల రోజున మేడమ్ పుస్తకం తిరగేస్తూ ఆగింది. పేజీకి కుడివైపు 'గమనిక' అని ఒక గడి ఉంటుంది. పంతొమ్మిదేళ్ళలో పాయింటమ్మ ఆ గడిలో ఒక్క అక్షరం రాసింది లేదు. ఇప్పుడు ముట్టుకోని తొంభై ఐదు చిప్పలకూ వరుసగా, ఒక్కటి కూడా వదలకుండా, గుండ్రటి అక్షరాలతో 'మురికిగా ఉంది', 'మురికిగా ఉంది' అని నిండిపోయింది. నలభై ఏడో నెంబరు దగ్గర 'చాలా' అని అదనంగా ఉంది.

"పాయింటమ్మ గారూ, ఇది పరీక్షకు అవసరం లేదండీ. కొట్టేయొచ్చుగా?"

పాయింటమ్మ నలభై ఎనిమిదో చిప్పను దాని కొత్త అంచు విరగకుండా రెండు వేళ్ళతో కాలిపర్ మధ్యకు దించింది. పాచి నీళ్ళు మోచేతి దాకా కారుతున్నాయి.

"నేను చూసింది రాశాను మేడమ్" అంది. "యాభై ఎనిమిది పాయింట్ ఏడు. రాసుకోండి."